నెల్లూరులో ఒక హర్డిల్స్ శిక్షణ: కోలిన్ జాక్సన్ పరుగే పాఠ్యపుస్తకంగా

నెల్లూరు పట్టణం అంచున ఉన్న ఒక ప్రైవేటు మైదానంలో ప్రతి వేసవిలోనూ, మళ్లీ సంక్రాంతి సెలవులు ముగిశాక కొన్ని వారాలూ జరిగే హర్డిల్స్ (దారిలో వరసగా పెట్టిన అడ్డాలను దాటుతూ పరుగెత్తే పోటీ) శిక్షణ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. నేను కోవూరు వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా బడి పిల్లల్లో పరుగు మీద ఆసక్తి ఉన్నవారిని అక్కడికి పంపాను, వీలైన ప్రతి ఉదయమూ వెంట వెళ్లి గట్టున నిలబడి చూశాను. శిక్షకుడు తన పేరు, ఫోను నంబరు ఎక్కడా రాయవద్దని కోరారు కాబట్టి అవి ఇందులో ఉండవు. ఆయన ఒకప్పుడు విశ్వవిద్యాలయ స్థాయిలో హర్డిల్స్ పరుగెత్తినవారు, ఇప్పుడు ఒక ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ ఉదయం పూట మాత్రమే పిల్లలకు నేర్పుతున్నారు.

ఈ శిక్షణను మిగిలినవాటి నుంచి వేరు చేసే విషయం ఒకటుంది. ఇక్కడి పాఠాలన్నీ ఒకే ఒక్క క్రీడాకారుడి జీవితం చుట్టూ అల్లుకొని ఉన్నాయి. ఆయన బ్రిటన్ తరఫున 110 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన వేల్స్ దేశస్థుడు కోలిన్ జాక్సన్. ఇరవై ఏళ్ల కిందటే పరుగు మానేసిన ఒక విదేశీయుడి జీవితం మన పల్లె పిల్లలకు ఏం పనికొస్తుందన్న అనుమానం తల్లిదండ్రులకు రావడం సహజమే. నా అభిప్రాయం ముందే చెబుతాను: సాంకేతికంగానూ, ఓటమిని తట్టుకునే మనసును తయారు చేయడంలోనూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేను చూసినవాటిలో ఇంతకన్నా మంచి శిక్షణ లేదు. ఆడపిల్లల విషయంలో, గాయాల విషయంలో మాత్రం ఇది ఇంకా చాలా మెరుగుపడాలి.

మొదటి రెండు వారాలు పిల్లలు హర్డిల్‌ను ముట్టుకోరు. మైదానం మీద సున్నంతో అడ్డగీతలు గీస్తారు, ఆ గీతల మధ్య పరుగెత్తిస్తారు, అంతే. హర్డిల్స్ నేర్పడానికి పిలిచి గీతల మీద పరుగెత్తిస్తున్నారేమిటని ఒకరిద్దరు తల్లిదండ్రులు నాతో అన్నారు. ఈ పోటీ స్వరూపం తెలిసినవారికి దాని విలువ అర్థమవుతుంది. పురుషుల 110 మీటర్ల పరుగులో 10 హర్డిల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి 1.067 మీటర్ల ఎత్తు, అంటే మూడున్నర అడుగులు. స్టార్ట్ గీత నుంచి మొదటి హర్డిల్‌కు 13.72 మీటర్లు, ఆ తర్వాత హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 9.14 మీటర్లు, చివరి హర్డిల్ నుంచి ముగింపు గీతకు 14.02 మీటర్లు. మహిళల 100 మీటర్ల పరుగులో ఎత్తు 0.838 మీటర్లు, దూరాలు వరసగా 13, 8.50, 10.50 మీటర్లు. ఈ దూరాలు ఎవరి కోసమూ మారవు. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య సరిగ్గా మూడే అంగలు పడాలి. అంగ పొడవు తగ్గితే హర్డిల్ దూరమవుతుంది, పెరిగితే మీదికి వచ్చేస్తుంది.

మన బడుల్లో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. జిల్లా సెలక్షన్స్ పది రోజుల్లో ఉన్నాయనగా పొడవైన పిల్లల్ని ఏరి, ఉన్న నాలుగు హర్డిల్స్‌ను వరసగా నిలబెట్టి దూకమంటాం. పిల్లవాడు ఐదు అంగలు వేసి, ఆగి, హైజంప్ లాగా ఎగిరి అవతల పడతాడు. హర్డిల్ దాటడం గంతు కాదనీ, పరుగులో ఒక అంగ కొంచెం ఎత్తుగా పడడమేననీ అతనికి ఎవరూ చెప్పరు. ఇక్కడి శిక్షకుడు ముందుగా 8.50 మీటర్ల దూరాన్ని ఏడు మీటర్లకు తగ్గించి గీతలు గీశారు. ఎంత చిన్న పిల్లకైనా మూడు అంగల్లో అది అందుతుంది. ఆ మూడంగల లయ ఒంటికి పట్టాక గీతల స్థానంలో ఇటుకలు, ఇటుకల స్థానంలో మోకాలి ఎత్తు పీవీసీ గొట్టాలు వచ్చాయి. దూరం కూడా అరచేయి చొప్పున పెరుగుతూ పోయింది. పిల్లలకు ఆ మార్పు తెలియనే తెలియలేదు.

జాక్సన్ శిక్షకుడి కథ ఈ గీతల పాఠం మధ్యలోనే వస్తుంది. కార్డిఫ్‌లో 1967 ఫిబ్రవరి 18న, జమైకా మూలాలున్న కుటుంబంలో పుట్టిన జాక్సన్‌ను తీర్చిదిద్దినవాడు మాల్కమ్ ఆర్నాల్డ్. ఆర్నాల్డ్ అంతకుముందు ఉగాండాలో పనిచేశాడు. అక్కడ ఆయన దగ్గర శిక్షణ పొందిన జాన్ అకీ బువా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌ను 47.82 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. సౌకర్యాలు తక్కువగా ఉన్న దేశంలో ప్రపంచ విజేతను తయారుచేసిన చెయ్యే ఆ తర్వాత కార్డిఫ్ కుర్రవాడిని పట్టుకుంది. సున్నపు గీతలు, పీవీసీ గొట్టాలు చూసి చిన్నబుచ్చుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పడం ఎంతో అవసరమని నాకు అనిపించింది.

మూడో వారంలో అసలు హర్డిల్స్ బయటికి వస్తాయి. ఒక వస్తువుగా చూసినా వీటి గురించి కొంత వివరంగా రాయాలి, ఎందుకంటే మన జిల్లాల్లో చాలామంది పిల్లలు ఈ పోటీకి దూరమైపోవడానికి కారణం వెల్డింగ్ షాపులో చేయించిన హర్డిల్సే. నిబంధనల ప్రకారం హర్డిల్ పై బద్ద నడిమధ్యలో 3.6 నుంచి 4 కిలోల బలం తగిలితే అది ముందుకు పడిపోవాలి. అందుకోసం అడుగు కాళ్లలో జరిపే బరువులు ఉంటాయి. ఎత్తు మారినప్పుడల్లా ఆ బరువుల స్థానమూ మార్చాలి. మన వెల్డింగ్ షాపుల్లో చేసేవి ఇనుప గొట్టాలను అటూ ఇటూ అతికించిన బల్లల్లాంటివి. అవి ఎంత తగిలినా కదలవు. పిల్లవాడి మోకాలే పగులుతుంది. ఒకసారి మోకాలు పగిలిన పిల్లవాడు ఆపై బతికినంత కాలం హర్డిల్‌ను చూడగానే వేగం తగ్గిస్తాడు.

ఇక్కడి హర్డిల్స్ కూడా స్థానికంగా చేయించినవే, కానీ కాళ్ల గొట్టాల్లో జరిపే బరువు దిమ్మెలు పెట్టించారు. పై బద్ద చెక్కది. దాని మీద స్కూటర్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. మొదటి రోజున శిక్షకుడు చేపలు తూచే స్ప్రింగు కాటా ఒకటి తెచ్చి, దాని కొక్కేన్ని బద్ద మధ్యలో తగిలించి, పిల్లల చేతికిచ్చి మెల్లగా లాగమన్నారు. ముల్లు మూడున్నర దాటి నాలుగుకు చేరేలోపు హర్డిల్ ముందుకు ఒరిగి పడిపోయింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లాగి చూశారు. తర్వాత ఆయన హర్డిల్‌ను వెనక్కి తిప్పి, కాళ్లు అవతలి వైపుకు ఉండేలా నిలబెట్టి మళ్లీ లాగమన్నారు. అది కదలలేదు. హర్డిల్ కాళ్లు ఎప్పుడూ పరుగెత్తి వచ్చేవారి వైపే ఉండాలన్న నియమం ఎందుకో ఆ క్షణంలో అందరికీ అర్థమైంది. హర్డిల్స్‌ను తిరగేసి పెట్టిన పోటీలను మన ప్రాంతంలో నేను కళ్లారా చూశాను. ఈ ఒక్క పాఠాన్ని ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడూ వచ్చి చూడాలి.

మా బడి నుంచి వెళ్లిన తొమ్మిదో తరగతి అమ్మాయి అంతకుముందు ఏడాది మండల పోటీల్లో పడి, హర్డిల్స్ పేరెత్తితేనే వెనక్కి తగ్గేది. స్ప్రింగు కాటా పాఠం అయిన మర్నాడు ఆమె ముందు కాలు బద్దకు తగిలింది, హర్డిల్ పడిపోయింది, ఆమె మాత్రం పరుగు ఆపకుండా తర్వాతి గీత దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "పడింది సార్, నాకేం కాలా" అని అరిచింది. చేత్తోనో, ఒంటితోనో, ముందు కాలి పై భాగంతోనో పడగొడితే తప్ప, హర్డిల్ పడినంత మాత్రాన పోటీ నుంచి తీసేయరని శిక్షకుడు అప్పుడే చెప్పారు. వెనక కాలు హర్డిల్ పక్క నుంచి బద్ద ఎత్తుకన్నా కిందుగా పోతే మాత్రం అనర్హత తప్పదని కూడా అప్పుడే వివరించారు.

తరగతి గదిలాంటిది ఒకటి మైదానం పక్కనే ఉంది. రేకుల షెడ్డు, గోడకు ఒక టీవీ. అక్కడ పిల్లలకు చూపించే మొదటి పరుగు 1993 ఆగస్టు 20న జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. జాక్సన్ 12.91 సెకన్లలో గెలిచి, 1989లో అమెరికన్ రోజర్ కింగ్‌డమ్ జ్యూరిక్‌లో నెలకొల్పిన 12.92 ప్రపంచ రికార్డును సెకనులో నూరోవంతు తేడాతో దాటాడు. అతని జట్టుసభ్యుడు టోనీ జారెట్ 13.00తో రెండో స్థానంలో వచ్చాడు. ఆ రికార్డును అందుకోవడానికే 11 ఏళ్లు పట్టింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన లియు షియాంగ్ సరిగ్గా 12.91తో సమం చేశాడు, 2006లో లోజాన్‌లో 12.88తో దాటాడు.

శిక్షకుడు ఈ అంకెలను త్వరగానే చెప్పి వదిలేస్తారు. ఆయన ఎక్కువసేపు నిలిపేది బొమ్మను. టీవీ తెర మీద జాక్సన్ తల ఎత్తుకు ఒక దారం కట్టి, పరుగును నెమ్మదిగా నడిపిస్తూ, హర్డిల్ మీదుగా వెళ్లేటప్పుడు ఆ తల దారానికి ఎంత పైకి పోతుందో చూడమంటారు. పోయేది చాలా కొద్దిగా. జాక్సన్ ఎత్తు 1.82 మీటర్లు, ఈ పోటీలో అదేమీ పెద్ద ఎత్తు కాదు. తనకన్నా పొడవైనవారి మధ్య అతను గెలవగలిగింది హర్డిల్ మీద గాలిలో గడిపే సమయాన్ని తగ్గించుకోవడం వల్ల. ఛాతీని ముందు కాలి మీదికి వంచి, వెనక కాలిని చంక దాకా తెచ్చి, వెంటనే నేల మీద పెట్టి పరుగెత్తడం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. ముగింపు గీత దగ్గర ఛాతీని ముందుకు విసిరే తీరులో అతన్ని మించినవారు లేరని ఆ రోజుల్లో పేరు.

ముగింపు వంగుడు గురించి నాకు ఒక అభ్యంతరం ఉంది. దాన్ని చిన్న పిల్లలకు చాలా ముందుగా నేర్పుతున్నారు. జాక్సన్‌ది ఏళ్ల తరబడి సాధన చేసిన శరీరం. పదమూడేళ్ల పిల్లవాడు దాన్ని అనుకరించబోయి గీతకు నాలుగు మీటర్ల ముందే వంగి తడబడుతున్నాడు. ఈ పాఠాన్ని పెద్ద పిల్లల దాకా వాయిదా వేయడం మంచిది.

అసలు వేగం లేనిదే హర్డిల్స్ లేవన్న పాఠం కూడా ఇక్కడ గట్టిగా చెబుతారు, దానికీ జాక్సన్ జీవితంలోనే ఆధారం ఉంది. 1994లో పారిస్‌లో జరిగిన యూరోపియన్ ఇండోర్ పోటీల్లో అతను 60 మీటర్ల హర్డిల్స్‌తో పాటు హర్డిల్స్ లేని 60 మీటర్ల పరుగును కూడా 6.49 సెకన్లలో గెలిచాడు. అదే నెలలో సిండెల్‌ఫింగెన్‌లో 60 మీటర్ల హర్డిల్స్‌ను 7.30 సెకన్లలో ముగించాడు. ఆ రికార్డు 2021 ఫిబ్రవరిలో గ్రాంట్ హోలోవే మాడ్రిడ్‌లో 7.29 పరుగెత్తేదాకా, దాదాపు 27 ఏళ్లు నిలిచింది. 1993 ఆగస్టు చివరి నుంచి 1995 ఫిబ్రవరి దాకా వరసగా 44 హర్డిల్స్ పోటీల్లో అతనికి ఓటమి లేదు. అందుకే ఇక్కడ వారంలో రెండు రోజులు హర్డిల్స్ పక్కన పెట్టి వట్టి పరుగే పరుగెత్తిస్తారు.

ఇంతటివాడికి ఒలింపిక్ స్వర్ణం లేదు. నా దృష్టిలో ఈ శిక్షణకు ప్రాణం ఈ పాఠమే. 1988 సియోల్‌లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, జాక్సన్ 13.28తో రజతం గెలిచాడు. స్వర్ణం రోజర్ కింగ్‌డమ్‌ది. నాలుగేళ్ల తర్వాత బార్సిలోనాకు అందరూ గెలుస్తాడనుకున్న మనిషిగా వెళ్లాడు. మొదటి రౌండులో 13.10 పరుగెత్తాడు. రెండో రౌండులో గాయపడ్డాడు. ఫైనల్లో హర్డిల్స్‌ను ఢీకొంటూ 13.75తో ఏడో స్థానంలో ముగించాడు. ఆ రోజు 13.12తో స్వర్ణం గెలిచిన కెనడా ఆటగాడు మార్క్ మెకాయ్ అతనికి పరాయివాడు కాదు, కార్డిఫ్‌లో అతనితో కలిసి ఆర్నాల్డ్ దగ్గరే సాధన చేసిన స్నేహితుడు. మొదటి రౌండులో జాక్సన్ పరుగెత్తిన సమయమే ఫైనల్లోనూ వచ్చి ఉంటే, అది స్వర్ణానికి సరిపోయేదని అంకెలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఈ పరుగు చూపించిన రోజున షెడ్డులో ఉన్న పిల్లలు నిజంగా బాధపడ్డారు. "అంత బాగా పరిగెత్తేటోడు ఏడోవాడెట్ట అయ్యాడు సార్?" అని ఒక కుర్రవాడు అడిగాడు. "దెబ్బ తగిలింది అబ్బాయ్. తగిలినా పదో హర్డిల్ దాకా పోయినాడు, చూడు" అని శిక్షకుడు తెరను వెనక్కి తిప్పి మళ్లీ చూపించారు. ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి జాక్సన్ స్టుట్‌గార్ట్‌లో ప్రపంచ రికార్డు సాధించాడని పిల్లలకు అప్పటికే తెలుసు, కానీ ఆ రికార్డుకు ముందు ఈ ఏడో స్థానం ఉందని తెలిశాక ఆ పరుగును వాళ్లు మళ్లీ చూపించమని అడిగారు.

1996 అట్లాంటాలో జాక్సన్ 13.19తో నాలుగో స్థానంలో నిలిచాడు. 0.02 సెకన్ల తేడాతో కాంస్యం చేజారింది. 2000 సిడ్నీలో 13.28తో ఐదో స్థానం. పన్నెండేళ్ల కిందట సియోల్‌లో రజతం తెచ్చిన సమయమే అది, నూరోవంతు కూడా తేడా లేదు. పక్క లైన్లలో పరుగెత్తేవారిని బట్టి స్థానం మారుతుంది. మన చేతిలో ఉండేది మన సమయం ఒక్కటే. ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పకుండా, ప్రతి పిల్లవాడికీ ఒక నోటుపుస్తకం ఇచ్చి అందులో స్థానం కాకుండా సమయం మాత్రమే రాసుకొమ్మని ఇక్కడ నియమం పెట్టారు. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య పట్టిన సమయాన్ని కూడా స్టాప్‌వాచ్‌తో తీసి రాయిస్తారు. ఏ హర్డిల్ దగ్గర లయ తప్పిందో ఆ పుస్తకమే చెబుతుంది. మా బడిలో ఈ పద్ధతిని నేను అన్ని పరుగులకూ మొదలుపెట్టాను.

జాక్సన్ ఎంత కాలం నిలిచాడన్న విషయాన్ని శిక్షకుడు పిల్లలకన్నా తల్లిదండ్రులకే ఎక్కువగా చెబుతారు. 1986లో పంతొమ్మిదేళ్ల వయసులో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. 1987 రోమ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం. 1990 ఆక్లండ్, 1994 విక్టోరియా కామన్వెల్త్ పోటీల్లో స్వర్ణాలు. 1997 ఏథెన్స్ ప్రపంచ పోటీల్లో రజతం. 1999 సెవిల్‌లో, ముప్ఫై రెండేళ్ల వయసులో, 13.04తో మళ్లీ ప్రపంచ విజేత. 1990లో స్ప్లిట్‌లో మొదలుపెట్టి హెల్సింకి, బుడాపెస్ట్, చివరికి 2002లో మ్యూనిక్ దాకా వరసగా నాలుగు యూరోపియన్ స్వర్ణాలు. చివరిది గెలిచేనాటికి వయసు ముప్ఫై ఐదు. 2003లో బర్మింగ్‌హామ్ ప్రపంచ ఇండోర్ పోటీలతో విరమించాడు.

మన దగ్గర పదో తరగతితో పరుగు ఆగిపోతుంది. ఇంటర్‌లో చేరగానే ఉదయం నుంచి రాత్రి దాకా తరగతులు, ఆటస్థలం లేని కాలేజీలు, "ఇంకేం ఆటలు" అనే ఇల్లు. హర్డిల్స్ లాంటి పోటీలో శరీరం, లయ, నైపుణ్యం ఒకచోట కలిసేది ఇరవై దాటాకే. అంటే మన పిల్లలు తాము ఎంత పరుగెత్తగలరో తెలుసుకోకుండానే మానేస్తున్నారు. ఈ విషయాన్ని శిక్షకుడు ఒక ఆదివారం తల్లిదండ్రులందరినీ షెడ్డులో కూర్చోబెట్టి, సెవిల్ పరుగు చూపించి మాట్లాడారు. రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒక తండ్రి ఆ రోజు లేచి, తన కూతురికి ఇంటర్‌లో ఉదయం పూట సాధన చేసుకోనిచ్చే కాలేజీ ఏదో చెప్పమని అడిగారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఇన్నేళ్లలో ఒక తండ్రి నోట ఆ ప్రశ్న నేను విన్నది అరుదు.

ఇక లోపాలు. మొదటిది, చాలా ముఖ్యమైనది, ఆడపిల్లలకు జరిగే అన్యాయం. పురుషుల హర్డిల్ మూడున్నర అడుగులైతే మహిళలది రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఎత్తు తగ్గినప్పుడు శరీరాన్ని అంతగా వంచనవసరం లేదు, పరుగు మామూలు స్ప్రింటుకు మరింత దగ్గరగా ఉంటుంది. జాక్సన్‌ను చూసి నేర్చుకున్న అమ్మాయిలు అవసరం లేనంతగా వంగి, నేల మీదికి దిగగానే తూలుతున్నారు. వాళ్లకు చూపించాల్సిన పరుగులు వేరే ఉన్నాయి, అవి మన రాష్ట్రంలోనే పుట్టాయి.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 మేలో సైప్రస్‌లో 13.23 పరుగెత్తి, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న 13.38 జాతీయ రికార్డును దాటింది. 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం, చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన తొలి భారతీయురాలు ఆమే. 2025లో గుమిలో 12.96తో ఆసియా టైటిల్‌ను నిలబెట్టుకుంది. హాంగ్‌జౌలో ఆమె సమయం 12.91. పోటీ వేరైనా జాక్సన్ పేరుతో పిల్లల నోళ్లలో నానిన అంకెనే మన తెలుగమ్మాయి కూడా పరుగెత్తిందని చెబితే షెడ్డులోని ఆడపిల్లలకు ఎంత ఉత్సాహం వచ్చేదో ఆలోచించండి. ఆమెకు భువనేశ్వర్‌లో శిక్షణ ఇచ్చిన జేమ్స్ హిల్లియర్ కూడా బ్రిటన్ వాడే కాబట్టి, ఈ శిక్షణ ఎంచుకున్న దారికి అది దూరం కూడా కాదు. నేనూ మరో ఇద్దరు ఉపాధ్యాయులూ కలిసి అడిగాక, చివరి వారంలో జ్యోతి పరుగులు రెండు చూపించారు. అవి మొదటి వారంలోనే ఉండాలి.

ఇంగ్లండ్ హర్డిల్స్ ఆటగాడు ఆండీ టర్నర్ విషయమూ ఇలాంటిదే. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఆయన 110 మీటర్ల హర్డిల్స్ గెలవగా, మూడు పతకాలనూ ఇంగ్లండే తీసుకుపోయింది. అంతకుముందు క్రీడాకారులకు నిధులిచ్చే జాబితా నుంచి పేరు పోయినా సాధన మానని ఆయన, అదే ఏడాది బార్సిలోనాలో యూరోపియన్ స్వర్ణం కూడా గెలిచాడు. మన దేశపు ట్రాక్ మీద జరిగిన ఆ పరుగును ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెడతారు. డబ్బులేక ఆట మానే పిల్లలున్న చోట అది చాలదు.

రెండో లోపం గాయాల సంగతి. బార్సిలోనా పాఠం ఎంత బాగా చెప్పినా, మైదానంలో ఐసు పెట్టె లేదు, కట్టు కట్టే సామాను సరిగా లేదు, కండరం పట్టేస్తే చూసే ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారైనా రారు. ఒక కుర్రవాడికి తొడ వెనక కండరం లాగితే ఆటోలో ఇంటికి పంపారు, ఎన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాలో చెప్పేవారు లేరు. హర్డిల్స్‌లో ఆ కండరానికే ఎక్కువ దెబ్బ. ఈ ఏర్పాటు లేకుండా శిక్షణ నడపడం సరికాదని శిక్షకుడి ముఖం మీదే చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

తిండి విషయంలో మాత్రం ఆయన జాగ్రత్త నాకు నచ్చింది. బరువు తగ్గితే వేగం పెరుగుతుందన్న ఆలోచనతో జాక్సన్ తన పరుగు రోజుల్లో తిండి తగ్గించుకొని ఇబ్బంది పడ్డాడు, ఆ సంగతిని తర్వాత తానే బయటికి చెప్పాడు. అంతటి విజేత జీవితంలో కూడా అనుసరించకూడనిది ఒకటుందని ఆయన దాచకుండా చెప్పి, పిల్లలెవరూ అన్నం మానవద్దని, ముఖ్యంగా ఆడపిల్లలు ఉదయం ఏమీ తినకుండా మైదానానికి రావద్దని గట్టిగా చెప్పారు. సాధన కాగానే గుడ్డు, ఉడికించిన వేరుశనగలు, అరటిపండు పెడతారు. ఫీజులోనే అవీ ఉన్నాయి.

ఫీజు మన ఊళ్లలో ఒక సబ్జెక్టు ట్యూషన్‌కు తీసుకునేదానికి అటూ ఇటూగా ఉంటుంది. ప్రభుత్వ బడి పిల్లలకు సగం తగ్గిస్తారు, అదీ ఇవ్వలేనివారిని వెనక్కి పంపిన సందర్భం నాకు కనిపించలేదు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి షెడ్డు వెనక తడకల గది ఒకటి ఉంది కానీ దానికి సరైన తలుపు లేదు, వెంటనే పెట్టించాలి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే కాబట్టి తెల్లవారుజామున ఐదుకు మొదలై ఏడున్నరకల్లా ముగుస్తుంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి వచ్చేవారికి ఆ వేళలో బస్సు దొరకడం కష్టం. మా పిల్లలు ఒక ఆటో మాట్లాడుకుని పెన్న వంతెన మీదుగా వెళ్లారు.

పన్నెండేళ్లు దాటిన, కనీసం ఒక ఏడాది పరుగు అలవాటున్న పిల్లలకు ఈ శిక్షణ సరిపోతుంది. పొడవు ఉంటే చాలని, పరుగు రాని పిల్లల్ని చేర్చవద్దు. మొదటి రెండు వారాల గీతల పాఠంతోనే వాళ్లు విసిగిపోతారు. నెల రోజుల్లో జిల్లా పతకం కావాలనుకునే తల్లిదండ్రులకు కూడా ఇది కుదరదు. స్పైక్స్ (అడుగున మొలలుండే పరుగు బూట్లు) మొదట్లోనే కొనవద్దు, మామూలు పరుగు బూట్లు చాలు. పాదం సైజు ఏటా మారే వయసు కాబట్టి రెండో బ్యాచ్‌కు వచ్చేటప్పుడు కొనుక్కోవచ్చు. వేసవి బ్యాచ్‌కు పేర్లు మార్చి చివరి వారంలో తీసుకుంటారు. బోర్డు, ప్రకటన ఏవీ ఉండవు. నెల్లూరు చుట్టుపక్కల బడుల్లో పనిచేసే వ్యాయామ ఉపాధ్యాయుల్లో చాలామందికి చోటు తెలుసు, వారిని అడిగితే తీసుకెళ్తారు. చేర్చేటప్పుడు పిల్లల వయసు ధ్రువపత్రం, పాత గాయాలేవైనా ఉంటే డాక్టరు చీటీ, ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లాలి.